పాలు ముట్టని నెల

మహానవమి నాడు తెల్లవారేసరికి ఆవు తుంగకు పుట్టిన దూడ కాళ్లు చాపేసి ఉంది.

అంబాబాయి మడిచీరతోనే కొట్టం దాకా వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. సుంకమ్మ దూడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాని వెనక కాళ్ల మీద, తోక మీద తెల్లటి విరేచనం ఎండి అట్టలు కట్టింది. సుంకమ్మ తడిగుడ్డతో ఆ అట్టల్ని మెత్తబెట్టి తుడుస్తోంది. ఇక తుడిచి ఏం లాభమని అంబాబాయి అనలేకపోయింది.

"పాయెనమ్మా," అంది సుంకమ్మ తల ఎత్తకుండానే.

తుంగ కట్టుతాడు బిగిసేదాకా ముందుకు వంగి దూడ వీపు నాకుతోంది. నాలుక అందినంత మేర వెంట్రుకలు తడిసి ఒకవైపుకు పడుకున్నాయి. దాని పొదుగు నిండి, రొమ్ములు బిగుసుకుపోయి ఉన్నాయి.

భీమరావు మాస్టారు పూజ ముగించుకుని, గోపీచందనం ముద్రలతో బయటికి వచ్చాడు. ఆయన ఆదోని హైస్కూల్లో సంస్కృతం చెబుతాడు. ఎమ్మిగనూరు రోడ్డులో రెండెకరాల తోట కొని, ఒక సంకరజాతి ఆవును, ఒక ఎనుమును కట్టుకోవడం ఆయన సరదా. ఆ సరదాలో పేడ ఎత్తేది సుంకమ్మ. పత్తిగింజలు నానబెట్టి రుబ్బేదీ, కుడితి కలిపేదీ, ఎనుమును కడిగేదీ సుంకమ్మే. ఆయన సాయంత్రం సైకిలు దిగి, తుంగ గంగడోలు నిమిరి, గోవు మహిమ ఏమిటో సుంకమ్మకు వివరించేవాడు. సుంకమ్మ పేడతట్ట నెత్తిన పెట్టుకునే అదంతా వినేది.

ఆయన దూడ పక్కన నిలబడి కిందికి చూశాడు.

"ఎముకలు తేలినాయి," అన్నాడు. "వ్రతం మొదలైనప్పటి నుంచి ఈ ఇంట్లో తుంగ పాలు ఎవరూ ముట్టలేదు. మజ్జిగకు కూడా ఎనుము పాలే తోడు వేస్తున్నాం. దూడేమో ఇట్లా ఎండిపోయింది. మరి తుంగ పాలు ఏమైనట్టు?"

సుంకమ్మకు ఆ ప్రశ్న ఎక్కడికి పోతోందో వెంటనే అర్థం కాలేదు. "పారుకుని పారుకుని ఎండిపాయె సామీ," అంది. "నేను ముందే సెప్పలేదా? సీమావు పాలు ఎక్కువ. ఒగ రొమ్ము దూడకిడిసి మూడు పిండాలని..."

"మీ కూతురు తిప్పమ్మ బిడ్డకు పాలు లేవని మొన్న నువ్వే అన్నావు కదా."

సుంకమ్మ దూడ తలను మెల్లగా నేల మీదికి దింపి లేచి నిలబడింది. ఆయన వైపు చూడలేదు. అంబాబాయి వైపు చూసింది.

"అమ్మా, నువ్వన్నా సెప్పు."

అంబాబాయికి అంతా తెలుసు. చాతుర్మాస్యంలో మూడో నెల పాలు ముట్టకూడదు. సరిగ్గా ఆ నెల మొదలయ్యే ముందు తుంగ ఈనింది. ఈ నెల పాలన్నీ దూడవే, ఒక్క చుక్క పిండకూడదని ఆయన అన్నప్పుడు అంబాబాయి తులసికోట దగ్గర ముగ్గు వేస్తోంది. అన్నీ తాగితే అరగదని సుంకమ్మ అనడమూ విన్నది. తల్లి పాలు బిడ్డకు అరగవా, సృష్టించినవాడికి తెలియనిది నీకు తెలుసా అని ఆయన నవ్వడమూ విన్నది. పొద్దస్తమానం పొదుగు కిందే తల పెట్టుకుని, పొట్ట ఉబ్బి, నాలుగో వారానికి నడవలేక తూలే దూడను రోజూ చూసింది. ఇప్పుడు చెప్పడానికి నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే గోహత్య అన్న మాట గుర్తుకు వచ్చింది. సుంకమ్మది నిజమైతే ఆ పాపం ఎవరిది? వ్రతం పట్టి, దాని పేరుతో ఆవుదూడను చంపుకున్న మనిషి ఈయనే అవుతాడు. ఆ మాట ఆయన నెత్తిన పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

"దూడను తీయించాలి కదా," అంది. "ముందు తిక్కయ్యకు కబురు చెయ్యండి."

సుంకమ్మ చేతిలోని తడిగుడ్డను పిండి, గూటం మీద ఆరేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని గేటు వైపు నడిచింది. మాస్టారు ఊరుకుని ఉంటే అంతటితో పోయేది. ఆయన వెంటబడ్డాడు.

తోట గేటుకు ఎదురుగా రేకుల హోటలుంది. ఎమ్మిగనూరు బస్సు అక్కడే ఆగుతుంది. పండగనాడు కావడంతో బెంచీల నిండా జనం. బస్సు కూడా అప్పుడే వచ్చి ఆగింది. కండక్టరు కృపానందం ఫుట్‌బోర్డు మీద నిలబడి టికెట్లు చింపుతున్నాడు. అందరూ వింటుండగా మాస్టారు, సుంకమ్మ పాలు దొంగిలించి దూడను చంపిందని అన్నాడు. పాఠం చెప్పే గొంతు ఆయనది. చివరి సీటు దాకా వినబడింది. సుంకమ్మ బస్సెక్కి, కూతురున్న ఎమ్మిగనూరు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం తిక్కయ్య వచ్చి దూడను భుజాన వేసుకుని వెళ్లాడు. చచ్చిన పశువుల తోలు తీసేది ఆ చుట్టుపక్కల అతనే. తుంగ తాడు తెంపుకునేంత పని చేసింది. మెడ చాచి, గేటు దాటి అతను కనబడకుండా పోయేదాకా అరిచింది. ఆ తరువాత కూడా అరిచింది. మాస్టారు గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

పొద్దు వాలేటప్పుడు తిక్కయ్య మళ్లీ వచ్చి కంచె అవతలే నిలబడ్డాడు. అంబాబాయి కొట్టంలో పేడ ఎత్తుతోంది. అలవాటు లేని పని. చేతులు మణికట్ల దాకా మునిగాయి.

"అమ్మా, ఒగ మాట."

"చెప్పు తిక్కయ్యా."

"దూడ కడుపు సూసినా. అంతా పాలేనమ్మా. గడ్డకట్టి ముద్దలు ముద్దలుగా ఉండాయి. ఆకలికి సచ్చిన దూడ కడుపు అట్లుండదు." అతను నేల చూపులు చూశాడు. "నేను తోలు తీసేటోన్ని. నాకు కడుపులు తెలుసు. ఇంగ నీ ఇష్టం."

అంబాబాయి తట్ట ఎత్తుకుని పేడగుంట వైపు నడిచింది. గుంట దగ్గర తట్ట దించి, దాని అంచు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

విజయదశమి నాడు ఊరంతా జమ్మి ఆకులు పంచుకుంటుంటే ఆమె తుంగ పొదుగు కింద చెంబు పట్టుకుని కూర్చుంది. పొదుగు రాయిలా ఉంది. వేళ్లకు ఆముదం రాసుకుని రొమ్ము లాగితే తుంగ ఒళ్లు బిగపట్టింది. పాలు పైకి ఎగబీల్చుకుంది. తల తిప్పి, దూడను కట్టే చోటు చూసి, ఈమెను చూసి, మళ్లీ ఆ చోటు చూసింది. ఎంత తంటాలు పడ్డా అరచెంబు కంటే రాలేదు.

"వ్రతం ఇంకా రెండు రోజులుంది," అన్నాడు మాస్టారు వరండాలోంచి. "ఆ పాలు ఎవరికైనా ఇచ్చెయ్యి."

ఇవ్వవలసిన మనిషిని బస్సెక్కించాం కదా అని ఆమె మనసులో అనుకుంది. పైకి అనలేదు. ఈనిన వారానికి సుంకమ్మ ఒక చిన్న లోటా తెచ్చి, మనవడికని అడిగి, వ్రతం అని చెప్పించుకుని ఆ లోటాను కొంగులో దాచుకుని పోయింది. అంబాబాయి అరచెంబు పాలూ కొబ్బరిచెట్టు మొదట్లో పోసింది. తెల్లటి పాలు మట్టిలోకి ఇంకిపోతుంటే కళ్లు తిప్పుకుంది.

తుంగ అరుపు మారిపోయింది. మొదటి రోజు గేటు వైపు అరిచేది. ఇప్పుడు తిక్కయ్య తోలు ఆరవేసిన వంక వైపు తిరిగి, అరవకుండా గొంతులోనే మూలుగుతోంది. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా చెవులు నిక్కబొడుచుకుంటాయి. వంటింట్లో ఉన్నా అంబాబాయికి ఆ మూలుగు వినబడేది. రోట్లో పొత్రం తిప్పుతూ ఆగేది. నీళ్లు తోడుతూ ఆగేది. రెండు సార్లు, వినబడకపోయినా వినబడినట్టయి చేద వదిలేసి కొట్టంలోకి పరిగెత్తింది.

ఏకాదశి నాడు ఇద్దరికీ ఉపవాసం. నీళ్లు కూడా ముట్టరు. ఆ సాయంత్రం తిక్కయ్య దూడను తీసుకొచ్చాడు.

నిజంగా దూడే అనిపించింది. తోలుకు బూడిద, ఉప్పు పట్టించి ఆరబెట్టి, వరిగడ్డి కూరి, పొట్ట కింద గోతం దారంతో కుట్టాడు. నాలుగు కర్రలు కాళ్లయ్యాయి. కళ్లున్న చోట రెండు కుట్లు. నుదుటి మీద తెల్ల చుక్క మాత్రం అట్లాగే ఉంది.

"వీపు మీద ఉప్పునీళ్లు సల్లమ్మా. నాకుతాది, పాలు సేపుతాది," అన్నాడు తిక్కయ్య. "మోసమే. కానీ పొదుగు వాసి గడ్డకడితే ఆవు కూడా పోతాది."

మాస్టారు కిటికీలోంచి చూసి మొహం తిప్పుకున్నాడు. "ఆ తోలు సంగతి నాకు చెప్పొద్దు," అన్నాడు. "ద్వాదశి పారణకు పాలు వస్తే చాలు."

మర్నాడు తెల్లవారకముందే అంబాబాయి ఆ తోలుదూడను తాడుతో లాక్కొచ్చి తుంగ ముందు నిలబెట్టింది. తుంగ మూతి చాచి వాసన చూసింది. ముందు నుదురు, తరువాత చెవులు, తరువాత వీపు. ఒక్కసారి ఒళ్లంతా జలదరించింది. నాకడం మొదలుపెట్టింది. ఎండు తోలు మీద గరుకు నాలుక రాసుకుంటున్న చప్పుడు, లోపలి గడ్డి నలిగే చప్పుడు. అంబాబాయి చేతికింద రొమ్ములు మెత్తబడ్డాయి. ధారలు చెంబులో పడి నురగ లేచింది. చెంబు నిండింది, తరువాత బిందె సగమైంది. ఆమె పాలు పిండుతూ ఏడ్చింది. కన్నీళ్లు పాలలో పడకుండా తల పక్కకు తిప్పుకుంది.

రెండోసారి తలస్నానం చేసి, తడిబట్టలతో పాలు కాచింది. మాస్టారు నైవేద్యం పెట్టి, తీర్థం పుచ్చుకుని, నెల తరువాత మొదటి కాఫీ తాగాడు. "తుంగ పాలు చిక్కన," అన్నాడు. అంబాబాయి డికాక్షనులో బెల్లం కలుపుకుని తాగింది.

"వ్రతం అయిపోయింది కదా," అన్నాడు ఆయన.

"నాకు అయినట్టు లేదు."

ఆయన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టి లేచాడు.

మరునాడు బడి తెరిచారు. ఆయన సైకిలు రోడ్డెక్కిన అరగంటకు అంబాబాయి తుంగకు మేత వేసి, ఎమ్మిగనూరు బస్సెక్కింది. కృపానందం ఆమెకు ముందు సీటు ఖాళీ చేయించాడు. టికెట్టు ఇస్తూ ఎందుకని గాని, ఎవరింటికని గాని అడగలేదు. అందరితో కబుర్లాడే మనిషి అడగకపోవడమే ఆమెకు గుచ్చుకుంది.

తిప్పమ్మ కాపురం మగ్గాల వీధి చివర ఒంటి గదిలో. ఇంటింటా మగ్గాల చప్పుడు. సుంకమ్మ గుమ్మంలో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. పక్కన గోనెపట్టా మీద బిడ్డ పడుకుని పిడికిలి చీకుతున్నాడు. అంబాబాయిని చూసి సుంకమ్మ లేచి పీట వేసింది. మళ్లీ కూర్చుని రాట్నం తిప్పింది.

"ఈడ కూడా తెలిసిపాయెనమ్మా," అంది కాసేపటికి. "బస్సులో విన్నోళ్లు ఊరికే ఉంటారా. ఇంతకుముందు మగ్గం యజమాని పెండ్లాము నూలు అట్లే ఇచ్చేది. ఇప్పుడు తూకమేసి ఇచ్చి, మాపుసారి తూకమేసి తీసుకుంటాంది. తిప్పమ్మకు కూడా అట్లే."

"తిరిగి రా సుంకమ్మా. తుంగ నిన్ను వెతుక్కుంటోంది."

సుంకమ్మ చేయి ఆగింది. దారం తెగింది. రెండు కొసలూ నోట తడుపుకుని ముడివేసింది.

"నీకు ఒగటి సెప్పాల. ఎవురికీ సెప్పలేదు. దూడ తూలబట్టినాక ఒగ మాపు చెంబు పెట్టినానమ్మా రొమ్ము కింద. రెండు ధారలు పిండినా. ఈ బిడ్డ కండ్ల ముందరికి వచ్చినాడు. వీనికి పాలైతాయి, దూడా బతుకుతాది అనుకుంటి. మళ్ల భయమైంది. వద్దన్న పాలు పిండితే దొంగ అంటారు గదా అని. ఆ రెండు ధారలూ నేల మీద పారబోసి లేసి వచ్చినా." రాట్నం మళ్లీ తిప్పింది. "దొంగతనం సేసింటే దూడ బతికేది. ఎట్లైనా దొంగే అంటిరి."

బిడ్డ పిడికిలి వదిలి అంబాబాయి చీర అంచు పట్టుకున్నాడు. ఎంత సేపైనా వదల్లేదు.

"నాకు తెలుసు సుంకమ్మా. ఆ రోజే తెలుసు. చెప్పలేదు."

"నీకు తెల్సని నాకు తెలుసులేమ్మా. అందుకే నీ వైపు సూస్తి."

"నేనేం చెయ్యాలి?"

"నేను రాను. సామి ఆ మాట యాడ అనినాడో ఆడ్నే ఎనక్కి తీసుకోమను. నాకింకేం వద్దు."

సాయంత్రం మాస్టారు సైకిలు స్టాండు వేయకముందే అంబాబాయి చెప్పేసింది. తిక్కయ్య చూసిన కడుపు సంగతి, సుంకమ్మ ముందే చెప్పిన సంగతి, తాను విని నోరు మూసుకున్న సంగతి. పాపం మీకు చుట్టుకుంటుందని భయపడ్డానని కూడా చెప్పింది. ఆయన హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"తిక్కయ్య భుజాన వేసుకున్నప్పుడు దూడ తల వేలాడింది. నోట్లోంచి పాలు కారినాయి. గేటు దాకా చుక్కలు పడినాయి. చూశాను."

"మరి అప్పుడే..."

"అప్పటికే అనేసినాను కదా అందరి ముందర." ఆయన గొంతు పాఠం చెప్పే గొంతులా లేదు. "పొద్దంతా ఈడ ఉండేదానివి నువ్వు. నాది తప్పైతే నువ్వు చెప్తావనుకున్నాను. నువ్వు మాట్లాడలేదు. నువ్వు మాట్లాడకపోయేసరికి నా మాటే నిజమేమో అని దాన్నే పట్టుకున్నాను."

అంబాబాయి స్తంభానికి ఆనుకుంది. ఆయన్ను కాపాడుతున్నానని అనుకుని ఆమె ఇన్నాళ్లూ చేసింది ఇది.

"రేపు బడికి పోతూ హోటలు దగ్గర చెప్తాను," అన్నాడు ఆయన.

మర్నాడు ఆమె గేటు పట్టుకుని నిలబడింది. బెంచీల మీద ఏడెనిమిది మంది బస్సు కోసం ఉన్నారు. మాస్టారి సైకిలు హోటలు ముందుకు వచ్చి మెల్లబడింది. ఒక కాలు నేలకు ఆనింది. ఎవరో లేచి నమస్కారం పెట్టారు. ఆయన తల పంకించాడు. నేలకు ఆనిన కాలు మళ్లీ పెడలు మీదికి వెళ్లింది. సైకిలు ఆదోని వైపు సాగిపోయింది.

ఆమెకు ఆయన మీద జాలి వేసింది, అసహ్యమూ వేసింది. ఏది ఎక్కువో తేల్చుకోకుండానే గేటు తీసి రోడ్డు దాటింది. పాతికేళ్ల కాపురంలో హోటలు ముందు ఆగి ఎరగదు. పేడ చేతులు కడుక్కోలేదన్న సంగతి అందరూ లేచి నిలబడ్డాక గాని గుర్తు రాలేదు.

"సుంకమ్మ పాలు దొంగిలించలేదు," అంది. ఆ మాట తనకే సరిగ్గా వినబడలేదు. మళ్లీ మొదటి నుంచి అంది. "సుంకమ్మ పాలు దొంగిలించలేదు. దూడ పాలు ఎక్కువై చచ్చిపోయింది. వద్దని సుంకమ్మ చెప్పింది. మేము వినలేదు. నేను అన్నీ చూసి కూడా మాట్లాడలేదు."

హోటలాయన గ్లాసు కడగడం ఆపి, "తెలుసమ్మా," అన్నాడు మెల్లగా. "తిక్కయ్య ఆ పొద్దే సెప్పినాడు."

"మీ అందరికీ తెలుసా?"

"అయ్యవారు అనినాక మేమేం అంటాము?" అన్నాడు బెంచీ మీది ముసలాయన.

అప్పుడే బస్సు వచ్చింది. కృపానందం దిగి, అందరూ ఇట్లా నిలబడి ఉండడం చూసి ఈల నోట్లోంచి తీశాడు. అంబాబాయి అతని దగ్గరికి వెళ్లి, చెప్పిందంతా మళ్లీ చెప్పింది. బస్సులో కిటికీల నుంచి తలలు బయటికి వచ్చాయి.

"ఆ మాట నీ బస్సులోనే పోయింది కదా కృపానందం," అంది. "దీన్ని కూడా తీసుకుపో. మగ్గాల వీధి దాకా."

"తీసకపోతానమ్మా," అన్నాడు కృపానందం, ఈల మళ్లీ నోట పెట్టుకుంటూ.

సాయంత్రం మాస్టారు సైకిలు తోసుకుంటూ నడిచి వచ్చాడు. దారిలో ఎవరో చెప్పారని మొహం చూస్తేనే తెలిసింది. అంబాబాయి కొట్టంలో తోలుదూడ మెడ దగ్గర ఊడిన కుట్టు వేస్తోంది. తుంగ నాకి నాకి అక్కడ తోలు చిల్లుపడి గడ్డి బయటికి వచ్చింది.

"ఏం చెప్పినావు?" అన్నాడు గడప అవతల నిలబడి.

"ఉన్నది చెప్పాను."

"నా పేరు చెప్పినావా?"

"మన పేరు చెప్పాను."

ఆయన చెప్పులు విడిచి గడప దాటి లోపలికి వచ్చాడు. కొట్టంలోకి వచ్చినప్పుడల్లా తుంగ గంగడోలు నిమిరే మనిషి, ఈసారి దాన్ని ముట్టుకోలేదు. తోలుదూడ ముందు గొంతుక్కూర్చున్నాడు. అంబాబాయి సూది లాగేందుకు వీలుగా దాని మెడ పట్టుకున్నాడు. ఆమె కుట్టు పూర్తి చేసి దారం కొరికింది.

పొదుగు నిండిన తుంగ ముందుకు వంగి నాకడం మొదలుపెట్టింది. నుదుటి మీది తెల్లచుక్క, చెవులు, మెడ. నాకుతూ నాకుతూ మెడ మీద ఉన్న ఆయన చేతిని కూడా నాకింది. ఆయన చెయ్యి తీయలేదు.